పామాయిలు గెల – నూనెలోని ఆమ్లము



మన చింతలపూడి మెట్టప్రాంతమున పామాయిలు తోటలు విరివిగా వ్యాపించియున్నవి. గెల చేతికి వచ్చువరకు రైతు పడు శ్రమ యెల్లరకును తెలిసినదే. కోసిన పిమ్మట గడచు ఒకటి రెండు దినములలో ఆ శ్రమఫలమునకు కలుగు నష్టమును మాత్రము పలువురు గమనింపకున్నారు. ఆ సంగతియే యిచట విన్నవించుచున్నాను.

ఒక గుంజకు మూడు దూడలను కట్టినట్లు, గ్లిసరాలు అను పదార్థమునకు మూడేసి కొవ్వు ఆమ్లములు కట్టుబడియుండుటయే నూనె. పామాయిలులోని ఆమ్లములలో నూటికి సుమారు 44 పాళ్లు పామిటిక్ ఆమ్లము, 40 పాళ్లు ఓలియిక్ ఆమ్లము, 10 పాళ్లు లినోలియిక్ ఆమ్లము. ఇవి కట్టుబడియున్నంతకాలము నూనె మంచిది. కట్టు వీడిన ఆమ్లములు హెచ్చినకొలది నూనె నాణ్యము చెడును. ముడినూనెలో నవి నూటికి 5 పాళ్లకు మించరాదని వర్తకమున సాధారణ నియమము.

ఈ కట్టును విప్పునది లైపేజు అను ఎంజైము. అది పండు గుజ్జులోనే కలదు. పండు చెక్కుచెదరనంతవరకు నూనెయు, ఎంజైమును వేర్వేరుగా నుండును. పండు నలిగినతోడనే రెండును కలిసికొని ఆమ్లము పుట్టనారంభించును. మిల్లులో గెలలను మొదట ఆవిరిలో నుడికించుటకు ఒక ముఖ్యకారణ మిదియే. వేడిమికి ఎంజైము నశించును. కాని యంతకుముందే పుట్టిన ఆమ్లమును ఆవిరి పోగొట్టజాలదు. వరి తవుడు మరపట్టిన పిమ్మట త్వరలోనే చెడుటకును ఇట్టి ఎంజైమే కారణము.

విడి ఆమ్లమును మిల్లులలో క్షారద్రావకముతో కొలుతురు. చోద్యమేమన, నూనెను చెడగొట్టు జాతి ఎంజైమే దానిని పరీక్షించుటకును పనికివచ్చుచున్నది. పశువుల క్లోమమునుండి తీసిన లైపేజు చివరల నున్న రెండు ఆమ్లములనే విప్పి, నడిమిదానిని విడిచిపెట్టును. దీనినిబట్టి నడుమ నే ఆమ్లము కలదో శాస్త్రజ్ఞులు కనుగొందురు. ఈ పద్ధతి 1950 దశకమునుండి వాడుకలో నున్నది. పామాయిలులో నడిమిస్థానమున హెచ్చుగా నుండునది ఓలియిక్ ఆమ్లమే. మరియొక పద్ధతిలో మూడు ఎంజైములు వరుసగా పనిచేసి విడి ఆమ్లము కొలది రంగు పుట్టించును. రంగు చిక్కనైనచో ఆమ్లము హెచ్చని యర్థము.

ఇక మనము చేయవలసినది. కాయలు నారింజ యెరుపునకు తిరిగి, గెలనుండి అయిదు పది పండ్లు తమంత రాలినప్పుడే కోయవలయును. పచ్చిగెలలో నూనె తక్కువ. మిక్కిలి పండినదానిలో ఆమ్లము హెచ్చు. పది పండ్రెండు దినముల కొకమారు కోత సాగింపవలయును. గెలలను విసరివేయరాదు. రాలిన పండ్లను మన్నంటకుండ ఏరవలయును. కోసిన 24 గంటలలో గెలలు మిల్లు చేరవలయును.

ట్రాక్టరు నిండలేదని రెండు దినములు గట్టుపై కుప్పవేయుట మనలో తరచు జరుగుచున్నది. చిన్నరైతునకు వేరుదారి లేదన్నమాటయు నిజమే. కాని యిరుగుపొరుగు తోటలవారు ఒకే దినమున కోసి, ఒకే బండి నింపుకొన్నచో ఈ చిక్కు తీరును. సహకారమన నిదియేగదా! గెలధర నిర్ణయించుటలో మిల్లున దిగు నూనె శాతమును లెక్కింతురు గావున, ఒకని తొందరపాటు పదుగురకు నష్టము.

సందేహములు కలవారు 1995లో పెదవేగిలో స్థాపింపబడిన ఆయిల్ పామ్ పరిశోధన సంస్థవారి సలహా పొందవచ్చును.