వార్తల్లో పదం: మానవ వనరుల అభివృద్ధి

1985 నుంచి 2020 దాకా ఢిల్లీలో ఈ పేరుతో ఒక మంత్రిత్వ శాఖే ఉండేది. అది ఎక్కువగా చూసింది బడులు, కాలేజీల సంగతి. పరిశ్రమలో మాత్రం పనిలో చేరిన మనిషికి పని నేర్పడం, యంత్రం మారితే మళ్లీ నేర్పడం, పై హోదాకు దారి చూపడం దీని కిందికి వస్తాయి. పని తెలిసినవాడికి కూలీ పెరుగుతుంది, ఫ్యాక్టరీకి పాడయ్యే సరుకు తగ్గుతుంది.

హైదరాబాద్ శివారు పారిశ్రామిక ప్రాంతం పటాన్‌చెరు వైపు ఈ శిక్షణ అందరికీ ఒకేలా అందదు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ లాంటి సంస్థలు 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఐటీఐ కుర్రాళ్లకు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పుతాయి. రసాయన, మందుల యూనిట్లలో కాంట్రాక్టరు తెచ్చిన మనుషులెందరో. వాళ్ల శిక్షణ ఖర్చు దగ్గరికొచ్చేసరికి యజమాని, కాంట్రాక్టరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

2025 జూన్ 30న ఆ వైపే ఉన్న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. ఇలాంటి సన్నటి పొడి మూసిన గదిలో దట్టంగా లేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. శిక్షణ ఒక్కటే ప్రమాదాల్ని ఆపదు, నిజమే. కానీ ఆ ముప్పును పనివాడికి వచ్చిన హిందీలోనో ఒడియాలోనో చెప్పకుండా గోడకు తెలుగు బోర్డు తగిలిస్తే అది కాగితపు శిక్షణే. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లోనే ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి భద్రతా సమాచారాన్ని కార్మికుడి హక్కు చేశారు.

ఇప్పుడు తెలంగాణలో ప్రభుత్వ ఐటీఐలు టాటా టెక్నాలజీస్ తోడ్పాటుతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లవుతున్నాయి. మంచిదే. నడివయసు వలస హెల్పర్ మాత్రం ఆ గేటు దాటడు. అతనికి శిక్షణ షిఫ్టులోనే, కూలీ కోయకుండా ఇవ్వాలి.