నీటి నడుమ నిలుచు విద్య

2025 జూలై 18వ తేదీన విశాఖపట్టణమున ‘నిస్తార్’ అను నౌక భారత నౌకాదళమున చేరినది మొదలు, సముద్రగర్భమున దిగి పనిచేయు విద్యను గూర్చిన ప్రశ్నలు మాకు వచ్చుచునే యున్నవి. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డున నిర్మితమై, 300 మీటర్ల లోతున సయితము డైవర్లచే పని చేయింపగల ఈ నౌకకు పూర్వము అదే పేరుగల మరియొక నౌక యుండెడిది. 1971 డిసెంబరులో విశాఖ తీరమున మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీని గుర్తించినది ఆ పాత నౌక డైవర్లే. ఈ కథలన్నియు చదివి, ఎచ్చెర్లనుండి ఒక విద్యార్థి దీర్ఘమైన లేఖ వ్రాసినాడు. విశాఖ తీరమున స్కూబా ప్రాథమిక శిక్షణ పొందినాడట. బారువ కడలిలో శిథిలమై పడియున్న చిల్కా అను పాత పొగయోడను చూడవలెనని కోరికయట. అందుకు ముందుగా, కఠినతకు పేరుపొందిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ సంస్థవారి ‘ఫండమెంటల్స్’ శిక్షణలో చేరుటయా, మానుటయా యని అడుగుచున్నాడు. “అందులో క్రొత్త లోతులకు కొనిపోరు, క్రొత్త వింతలు చూపరు, లోతులేని నీటిలో కదలకుండ నిలువుమని రోజులతరబడి వేధింతురట. ఇంత ధనము పోసి నిలుచుట నేర్చుకొనవలెనా?” అని అతని ఆక్షేపణ.

నిలుచుటయే కష్టమని ఈ వ్యాసమున చూపెదను.

పరికరముల కథ మీకు తెలిసినదే గనుక వేగముగా దాటుదును. 1943లో ఫ్రాన్సుదేశమున ఎమిల్ గాన్యా అను ఇంజనీరును, జాక్ కూస్తో అను నావికుడును కలిసి, పీల్చినపుడు మాత్రమే, చుట్టునున్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో గాలి నందించు రెగ్యులేటరును సిద్ధపరచిరి. వీపున సిలిండరు, నోట రెగ్యులేటరు, దేహమున గాలి నింపదగు జాకెట్టు, చలికి రబ్బరు తొడుగు, నడుమున సీసపు దిమ్మలు, సరంజామా ఇంతే.

ఇక అసలు సంగతి. మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుతో సమానమైన ఉత్ప్లవన బలమును పొందునని ఆర్కిమిడీసు చెప్పెను. ఒత్తిడి రెట్టింపైనచో వాయువు ఘనపరిమాణము సగమగునని 1662లో బాయిలు ప్రకటించెను. రెంటిని వేరువేరు పాఠములుగా వల్లించిన విద్యార్థికి అవి సాధుజంతువులవలె కనబడును. రెండును ఒకే దేహమునందు కలిసినపుడు పుట్టు చిక్కును మన పాఠ్యపుస్తకములు చెప్పవు.

ఒక డైవరు 10 మీటర్ల లోతున తేలక మునుగక నిలిచియున్నాడనుకొందము. అచ్చట ఒత్తిడి 2 వాతావరణములు. వాని జాకెట్టులోను, తొడుగులోని సూక్ష్మమైన బుడగలలోను కలిసి 4 లీటర్ల గాలి యున్నది. ఏదో కారణమున వాడు ఒక మీటరు పైకి జరిగెను. ఒత్తిడి 1.9కి తగ్గెను, గాలి 4.2 లీటర్లయ్యెను, అధికముగా తొలగిన నీటి మేరకు 200 గ్రాముల బలము వానిని మరికొంత పైకి నెట్టెను. పైకి పోయినకొలది గాలి ఉబ్బును, ఉబ్బినకొలది వాడు పైకి పోవును. క్రిందికి జారినచో ఇదే వ్యవహారము తలక్రిందుగా నడచి వానిని అడుగునకు లాగును. అనగా ఆ డైవరు బోర్లించిన గిన్నె నెత్తిన నిలిపిన గోళీ. తన స్థానమునకు తిరిగివచ్చు ప్రవృత్తి వానికి లేదు, తప్పిపోవు ప్రవృత్తి మాత్రమే కలదు. భౌతికశాస్త్రమున దీనిని అస్థిర సమతాస్థితి యందురు.

ఇందు మరియొక చమత్కారము కలదు. అదే 4 లీటర్ల గాలితో 30 మీటర్ల లోతున నున్నవాడు ఒక మీటరు జరిగినచో బలములో వచ్చు మార్పు 100 గ్రాములు. 5 మీటర్ల లోతున నున్నవానికి అది 285 గ్రాములు! లోతే ప్రమాదమని లోకము తలచుచుండగా, నిలుకడ విషయమున మాత్రము ఉపరితలమునకు చేరువైనకొలది నీరు మొండికెత్తును. డైవర్లు ఇంటిముఖము పట్టి, రక్తమున కరగిన నత్రజని విడుదలగుటకై మూడు నిమిషములు ఆగవలసినది సరిగా ఆ 5 మీటర్ల యొద్దనే.

దీనిని ఇంటిలో చూడగోరువారు ఒక ప్లాస్టికు సీసా నిండ నీరు పోసి, కొంచెము నీరు పీల్చిన మందు డ్రాపరును అందులో తేలవిడిచి, మూత బిగించి, సీసాను నొక్కవలెను. డ్రాపరు మునుగును, వదలిన పైకి వచ్చును. పిల్లలు ఇంతటితో చప్పట్లు కొట్టి పోవుదురు గాని, అసలు వినోదము తరువాతిది: దానిని సీసా నడుమ నిలుపుటకు ప్రయత్నింపుడు. ఎంత సున్నితముగా నొక్కినను అది నిలువదు. మీ వ్రేళ్లు క్షణక్షణము సవరించుచుండవలెను. ఈ బొమ్మకు దెకార్తు పేరు పెట్టి లోకమంతయు పిలుచుచున్నది కాని, దీనిని మొట్టమొదట గ్రంథస్థము చేసినవాడు గెలీలియో శిష్యుడు రఫాయెల్లో మజ్యొత్తి, 1648లో. శాస్త్రచరిత్రలో కీర్తి సయితము అస్థిర సమతాస్థితిలోనే యుండును కాబోలు.

చేపల సంగతి యేమని అడుగుదురు. 1680లో వెలువడిన బొరెల్లీ అను శాస్త్రజ్ఞుని గ్రంథమున చేప తన గాలితిత్తిని కండరములతో పిండి మునుగుననియు, సడలించి తేలుననియు సిద్ధాంతము కలదు. అంతటితో నాగక, ఆయన అదే తీరున ముషలకముగల గొట్టముతో మనుష్యుడును నీటిలో దిగవచ్చునని ఒక యంత్రమును ఊహించెను. ఊహ రమ్యమే, చేప మాత్రము దానిని అంగీకరింపలేదు. దాదాపు రెండు శతాబ్దముల పిమ్మట, 1876లో, ఆర్మాన్ మొరో అను శాస్త్రజ్ఞుడు ప్రయోగములు చేసి, ఆకస్మికమైన ఒత్తిడి మార్పునకు తిత్తి తలయొగ్గుటయే కాని ఎదురాడుట లేదనియు, చేప దానిని సరిచేయునది మెల్లమెల్లగా వాయువును స్రవించియు, పీల్చుకొనియు ననియు నిరూపించెను. ఇందుకు సాక్ష్యము మన ఎచ్చెర్ల మండలపు బుడగట్లపాలెము రేవుననే దొరకును: లోతునుండి వడిగా లాగిన వలలో కొన్ని చేపలకు తిత్తి ఉబ్బి, పొట్ట నోటిగుండ వెలికివచ్చియుండును. కచిడి చేప తిత్తికి వేలములో పలుకు ధరను గూర్చి వ్రాయు పత్రికలు, ఆ తిత్తి చేపకు చేయు ఊడిగమును గూర్చి ఒక్క ముక్కయు వ్రాయవు!

ఇప్పుడు మన విద్యార్థి లేఖలోని ఒక వాక్యమునకు వత్తును. తనకు మొదట నేర్పిన శిక్షకుడు “సులభముగా మునుగుదువు” అని నడుమునకు దిమ్మ మీద దిమ్మ కట్టెనట. ఈ అపరాధము ఒకచోటిది కాదు, ప్రపంచమంతట కలదు. లెక్క చూడుడు: 11 లీటర్ల సిలిండరున 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి బరువు సుమారు 2.6 కిలోలు, అందులో ముప్పాతిక ఖర్చగుసరికి డైవరు దాదాపు 2 కిలోలు తేలికపడును గనుక, ఆ మేరకు మొదట బరువుగా నుండుట న్యాయమే. దానికి మించి 4 కిలోల సీసము కట్టినచో, ఆ సీసమును మోయుటకు జాకెట్టులో మరి 4 లీటర్ల గాలి నింపవలెను. పైన చెప్పిన చపలత్వము రెట్టింపగును. సీసము చేయు హాని దాని బరువువలన కాదు, అది జాకెట్టులోనికి పిలుచుకొనివచ్చు గాలివలన.

మిగిలినది ఊపిరి. సామాన్యమైన ఉచ్ఛ్వాసము అర లీటరు, అనగా అర కిలో బలము. దానితో నేర్పరి తన స్థానమును సవరించుకొనును. కాని సరంజామాతో కలిసి నూరు కిలోలకు మించిన జడత్వమును ఆ స్వల్పబలము కదల్చుటకు రెండు మూడు క్షణములు పట్టును. ఆరంభకుడు పీల్చి, ఫలితము కానక మరింత పీల్చి, తీరా పైకి లేచునపుడు కంగారుపడి జాకెట్టు గాలి వదలి, అడుగునకు పోవును. ఆలస్యముగా వచ్చు ఫలితమునకు తొందరగా సవరణ చేసినచో ఇట్టి ఊగులాటయే పుట్టును; సవరణ చేయు యంత్రము ఎట్టి పరిస్థితులలో ఊగులాటలో పడునో, 1868లో ఆవిరియంత్రపు వేగమును సవరించు గవర్నరులను గూర్చిన వ్యాసమున మాక్స్‌వెల్లు గణితముతో వివరించెను. ఊపిరి బిగబట్టి నిలుకడ సాధింతునను ఉపాయము మాత్రము పనికిరాదు. పైకి పోవుచు ఊపిరి బిగబట్టినవాని ఊపిరితిత్తులు బాయిలు సూత్రమునకు మినహాయింపు కావు.

1998లో జారడ్ జబ్లాన్‌స్కీ స్థాపించిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ సంస్థవారి ఫండమెంటల్స్ శిక్షణ సారమంతయు ఇదియే. దేహమును అడ్డముగా, నేలకు సమాంతరముగా నుంచుట. కప్పవలె కాళ్లాడించి బురద లేపకుండుట. లోతు మారకుండ ముసుగు తీసి తొడుగుట. తోడివానికి తన నోటిలోని రెగ్యులేటరునే తీసి యిచ్చుట. అందుకే దాని గొట్టము 2 మీటర్లకు పైబడిన పొడవు. ఈ పద్ధతి ఫ్లోరిడా రాష్ట్రపు జలగుహలలో పుట్టినది. నెత్తిన రాతికప్పుండగా నేరుగా పైకి పోవు దారి లేదు గనుక, తోడివాని గాలియే రెండవ దారి. జట్టుగా దిగుట ఎందులకను శంకకు మరియొక సమాధానము భౌతికశాస్త్రముననే కలదు: అడుగు కానరాని నీటిలో తాను లేచుచున్నాడో, జారుచున్నాడో ఎవనికిని సులభముగా తెలియదు, ఎదుట అదే ఎత్తున నిలిచిన తోడివాడే కొలబద్ద. వర్షాకాలమున నాగావళి, వంశధార తెచ్చి కలుపు ఒండ్రుతో మసకబారు మన కడలిలో ఆ కొలబద్ద విలువ నేను చెప్పనక్కరలేదు.

ఈ శిక్షణలో తప్పుటకును అవకాశము కలదు. రుసుము కట్టినంతమాత్రమున పత్రము చేతికి రాదు; అదియే నాకు నచ్చిన గుణము. శిక్షకులు నీటిలో వీడియో తీసి, సాయంకాలము మీ వంకరలు మీకే చూపుదురు. పొగత్రాగువారిని చేర్చుకొనరు. 275 మీటర్లు ఆగక 14 నిమిషములలో ఈదగలిగియుండవలెను.

దీనివలన ఉద్యోగము వచ్చునాయని లేఖ చివర ఒక ప్రశ్న. ప్రతి విద్యను జీతముతో కొలుచు అలవాటు మనకెప్పుడు పోవునో! ఉద్యోగము రాదు. నౌకాదళము తన డైవర్లను కొచ్చిలోని తన పాఠశాలలోనే తయారుచేసికొనును. చిల్కా ఓడను పైపైన చూచుటకు మాత్రమైతే మంచి మార్గదర్శకుడు చాలును, ఇంత తపస్సు అక్కరలేదు. నీటి నడుమ నిలువవలెనను పట్టుదల యున్నచో చేరుడు. కాని ముందుగా ఒక పని చేయుడు. సిలిండరు దాదాపు ఖాళీయైన పిమ్మట, జాకెట్టు గాలి పూర్తిగా వదలి, సగము ఊపిరితో నిటారుగా తేలి చూడుడు. నీటిమట్టము కన్నులకు సరిగా నిలిచి, ఊపిరి విడిచినపుడు మెల్లగా మునిగినచో మీ బరువు సరియైనది. వెంటనే మునిగిపోయినచో ఒక్కొక్క దిమ్మనే తీసివేయుచు మరల చూడుడు. మీ నడుమునుండి ఎన్ని కిలోల సీసము దిగునో తెలిసిన తరువాత రుసుము కట్టుడు.