ఆపరేషన్ గది నుంచి బడి గోడ దాకా

స్తంభమెక్కిన లైన్‌మన్లు షాక్ కొట్టి చనిపోతుంటే, ఆ చావుల సంగతి తేల్చమని అమెరికా విద్యుత్ సంస్థలు 1920లలో పరిశోధనలకు డబ్బిచ్చాయి. ఆ పనికి పూనుకున్నవారిలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు విలియం కౌవెన్‌హోవెన్ ఒకరు. డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. గుండె లయ చెడగొట్టే కరెంటే మోతాదు పెంచితే దాన్ని మళ్లీ దారిలో పెడుతుందని 1899లోనే జెనీవాలో ప్రెవో, బటెల్లీ కుక్కల మీద చూపించారు. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవారు లేరు.

గుండెపోటు వేరు, గుండె హఠాత్తుగా ఆగడం వేరు. మొదటిదానిలో రక్తనాళం పూడుకుపోతుంది, మనిషి మాట్లాడుతూనే ఉండవచ్చు. రెండోదానిలో ఎక్కువగా చెడేది గుండెలోని విద్యుత్తు. తలొకరూ తలో తాళం అందుకున్న భజనలా కండరాలు వేటికవి వణుకుతాయి, రక్తం ముందుకు కదలదు. షాక్ అందరి నోళ్లూ ఒక్కసారి మూయిస్తుంది. ఆ నిశ్శబ్దంలో గుండెలోని సహజ కేంద్రం మళ్లీ తాళం అందుకుంటుంది. పూర్తిగా ఆగిన గుండెకు మాత్రం షాక్ పనిచేయదు, సినిమాల్లో ఏం చూపించినా సరే.

1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ 14 ఏళ్ల కుర్రాడికి ఆపరేషన్ చేస్తుండగా గుండె వణకడం మొదలైంది. గుండెను చేత్తో పిసుకుతూ ఉండి, యంత్రం తెప్పించి నేరుగా షాక్ ఇచ్చాడు. కుర్రాడు బతికాడు. ఛాతీ కోయకుండానే షాక్ ఇవ్వవచ్చని 1956లో పాల్ జోల్ చూపించాడు. 1960ల నడుమ బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే 70 కిలోల యంత్రాన్ని అంబులెన్సులోకి ఎక్కించాడు.

ఈ కథలో నాకు బాగా నచ్చేది ఒక పక్కదారి. కౌవెన్‌హోవెన్ ప్రయోగశాలలో షాక్ ఇచ్చే బరువైన పలకలను కుక్క ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు కాస్త పెరగడం గై నికర్‌బాకర్ అనే విద్యార్థి కంటపడింది. ఛాతీ నొక్కే పద్ధతి అలా పుట్టి 1960లో ప్రచురణకెక్కింది. యంత్రం వచ్చేదాకా ప్రాణం నిలబెట్టే ఉపాయాన్ని ఆ యంత్రమే నేర్పింది!

1970ల చివర్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆర్చ్ డయాక్ బృందం గుండె లయను తానే చదివి, అవసరమైతేనే షాక్ ఇచ్చే పెట్టెను తయారుచేసింది. ఇవాళ్టి ఏఈడీకి (ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటర్) మూలం అదే. ఏఈడీ మూత తెరిస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. 2000లో వెలువడిన లాస్ వేగాస్ కేసినోల అధ్యయనంలో షాక్ ఇచ్చింది డాక్టర్లు కాదు, కాపలా సిబ్బంది. కూలిన 3 నిమిషాల్లోపు షాక్ అందినవారిలో 74 శాతం బతికి ఇంటికెళ్లారు. ఆలస్యమైనవారిలో 49 శాతం.

అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో లక్రాస్ ఆడుతున్న 14 ఏళ్ల కుర్రాడి ఛాతీకి బంతి తగిలి గుండె ఆగింది. ఆ తల్లిదండ్రుల పోరాటంతో 2002లో అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏఈడీ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

మన బడుల్లోనైనా పెట్టె కొన్నంతమాత్రాన పని కాదు. హెడ్మాస్టర్ గదిలో బీరువాలో పెట్టి తాళం వేస్తే, నా లెక్కలో అది కొననట్టే. సాయంత్రం ఆటల వేళ ఆ తాళం ఎవరి దగ్గరుంటుంది? మైదానంలో పిల్లవాడు కూలితే మొదట చూసేది పీఈటీ సారో, వాచ్‌మనో. కాళ్లూ చేతులూ కొట్టుకుంటే మూర్ఛ అనుకుని తాళాలగుత్తి చేతిలో పెడతారు. ఎగశ్వాస తీస్తుంటే ఊపిరాడుతోందనుకుంటారు. ఆలస్యమయ్యేది అక్కడే. పిలిస్తే పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే గుండె ఆగిందనే అనుకోవాలి. ఒకరు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కుతుంటే, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి, మరొకరు పెట్టె కోసం పరుగెత్తాలి. అంబులెన్సును మైదానం దాకా తీసుకురావడానికి గేటు దగ్గరా ఒక మనిషి ఉండాలి. ఎవరు ఏ పని చేయాలో ఏడాదికోసారైనా బడి అంతా ఆడి చూసుకోవాలి.

అంటించే ప్యాడ్లకు గడువు తేదీ ఉంటుంది, అది చూసే బాధ్యత ఒకరి పేరు మీద రాసి ఉండాలి. చెమట పట్టిన ఛాతీకి అవి అంటుకోవు కాబట్టి పెట్టెలో తువ్వాలు ఉండాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు వేరే ప్యాడ్లు లేకపోతే పెద్దలవే ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద అంటించవచ్చు.