వెండినీరు: దాని తయారీయు, గుణదోషములును

మన తెలుగు గృహములలో వెండికి గల గౌరవము క్రొత్తది కాదు. పసిబిడ్డకు ఉగ్గుపాలు పోయుటకు వెండి ఉగ్గుగిన్నెను, అన్నప్రాశనమునకు వెండిగిన్నెను, దేవతార్చనకు వెండి పంచపాత్రను కలవారు కలిగినంతలో సమకూర్చుకొనుచునే యున్నారు. ఈ గౌరవమునే ఆధారముగా గొని కొలాయిడల్ సిల్వర్ అను ద్రవమొకటి ఔషధముగా అమ్మకమునకు వచ్చుచున్నది. దీనిని ప్రతిదినము కొంచెముగా త్రాగినచో జలుబు మొదలు మధుమేహము వరకు సకలవ్యాధులును తొలగునని విక్రేతలు చెప్పుచున్నారు. ఇంటనే చేసికొనుటకై వెండికడ్డీలును బ్యాటరీలును గల చిన్న పరికరములను సైతము అమ్ముచున్నారు. ఇది మేలైన వస్తువేనా, సంఘము ద్వారా తెప్పించుకొనవచ్చునా అని సభ్యులలో కొందరు మమ్ము అడిగియున్నారు. అందరికిని ఒక్కమారే ప్రత్యుత్తరమిచ్చుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. వెండి దేహమునకు వెలుపల ఉపకారి. ఔషధమని లోపలికి త్రాగుటకు మాత్రము తగినది కాదు. ఇందుకు గల కారణములను క్రమముగా వివరింతుము.

వైద్యమున వెండి చరిత్ర

వెండికి సూక్ష్మజీవులను చంపు శక్తి కలదనుట కట్టుకథ కాదు. జర్మనీ దేశమున లైప్జిగ్ నగరమునందు కార్ల్ క్రెడే అను ప్రసూతివైద్యుడు 1880వ సంవత్సరమున, అప్పుడే పుట్టిన శిశువుల కన్నులలో నూటికి రెండుపాళ్ళు సిల్వర్ నైట్రేటు గల చుక్కను వేయు పద్ధతిని ప్రారంభించెను. తల్లినుండి సోకు కంటిజబ్బుచే శిశువులు అంధులగుచుండిన కాలమది. నూటికి పదిమందికి వచ్చుచుండిన ఆ జబ్బు ఈ పద్ధతివలన నూటికి ఒకరికంటె తక్కువకు దిగెను. ఆయన కుమారుడు బెన్నో క్రెడే కొల్లార్గోల్ అను వెండి ఔషధమును ప్రచారములోనికి తెచ్చెను. అమెరికాలో 1902వ సంవత్సరమున ఆల్బర్ట్ బార్న్స్, హెర్మన్ హిల్లే అనువారలు ఆర్గిరోల్ అను మరియొక వెండి ఔషధమును అమ్మనారంభించిరి. ఆ దినములలో వైద్యులచేతిలో ఇంతకంటె మేలైన సాధనములు తక్కువ.

తరువాత కాలము మారినది. 1930 దశకమున సల్ఫా మందులును, 1940 దశకమున పెనిసిలినును వచ్చినవి. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించుచుండగా, ఆరియోమైసిన్ అను ఔషధము 1948లో లోకమునకు తెలియవచ్చెను. ఇట్టి ఔషధములు దొరకిన పిమ్మట వైద్యులు వెండిని లోపలికిచ్చుట మానివేసిరి. ఎవరో కుట్రచేసి దానిని దాచిరని విక్రేతలు చెప్పుమాట నిజము కాదు. అంతకంటె చక్కగా పనిచేయు మందులు దొరకుటయే కారణము.

ఇంట చేయు విధము

పాలలో వెన్న మిక్కిలి సూక్ష్మమైన బిందువులుగా కరగకయు అడుగునకు దిగకయు నుండును. ఒక వస్తువు ద్రవములో ఇట్లు తేలియుండు స్థితినే శాస్త్రజ్ఞులు కొలాయిడు అందురు. గంజిని పోలియుండుటచే తెలుగులో కాంజికాభమని పేరు. వెండి కణములు నీటిలో ఇట్లే నిలిచియున్నచో అది కొలాయిడల్ సిల్వర్.

ఇంట దీనిని చేయువారు రెండు శుద్ధమైన వెండికడ్డీలను, ఒకదానినొకటి తాకకుండ, స్వేదనజలములో నిలిపి వానిని బ్యాటరీల రెండు కొనలకు తగిలింతురు. విద్యుత్తు ప్రవహించుకొలది ధనధ్రువమునకు తగిలించిన కడ్డీనుండి వెండి కొంచెముకొంచెముగా నీటిలోనికి దిగును. అట్లు దిగినదానిలో అధికభాగము కొలాయిడు కణములు గాక, కంటికి కనబడక కరగియుండు వెండి అయానులే. కావున సీసాపై వ్రాసిన పేరునకును లోపలి ద్రవమునకును సరిపోలికయైనను ఉండదు.

బావినీరు గాని కొళాయినీరు గాని వాడినచో అందలి లవణములతో వెండి కలిసి తెల్లని మడ్డి ఏర్పడును. త్వరగా తయారగుటకై ఉప్పు వేయువారికిని ఇదే ఫలము. ఇంక కొందరు పాత రూపాయి నాణెములను వాడవచ్చుననుకొందురు. 1940కి పూర్వపు రూపాయిలో పండ్రెండు పాళ్ళకు పదునొకండు పాళ్ళు వెండియుండెను. 1940లో అది సగమునకు తగ్గించబడి రాగి, నికెలు, తుత్తునాగము చేర్చబడినవి. నగల వెండిలోను రాగి కలియును. అట్టివానిని వాడినచో వెండితోపాటు ఆ లోహములును నీటిలోనికి దిగును.

లెక్క చూచిన తేలునది

రైతు లెక్క తెలిసినవాడు. కనుక ఈ సంగతిని లెక్కతోనే చూపెదము. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక సెకను ప్రవహించినచో 1.118 మిల్లీగ్రాముల వెండి కదలును. ఆ లెక్కన 5 మిల్లీఆంపియర్లు రెండు గంటలపాటు ప్రవహించినచో సుమారు 40 మిల్లీగ్రాముల వెండి కడ్డీని విడుచును. అది యంతయు లీటరు నీటిలో నిలిచినదనుకొందము. మన దేశమున త్రాగునీటికి ఏర్పరచిన ప్రమాణమునుబట్టి లీటరులో వెండి 0.1 మిల్లీగ్రామునకు మించరాదు. ఇంట చేసిన ఈ నీరు ఆ హద్దునకు నాలుగువందల రెట్లు!

ఒక మనుజుడు తన జీవితకాలమంతటిలో నోటిద్వారా సుమారు 10 గ్రాముల వరకు వెండిని పుచ్చుకొన్నను హాని కనబడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. పైన చెప్పిన నీటిని దినమునకు పావులీటరు త్రాగువాడు 10 మిల్లీగ్రాముల వెండిని మ్రింగుచున్నాడు. వేయి దినములలో, అనగా మూడేండ్లు నిండకమునుపే, జీవితకాలపు మొత్తము చెల్లిపోవును.

కడ్డీని విడిచిన వెండియంతయు నీటిలో నిలువదు. కొంత రెండవ కడ్డీపై పేరుకొనును. మరియు నీటిలో వెండి చేరినకొలది విద్యుత్ప్రవాహము పెరుగుచుండును. కనుక ఏ దినమున ఎంత వెండి దిగినదో ఇంట చేయువానికి తెలియుటకు మార్గము లేదు. మోతాదు తెలియని మందును మందనుట ఎట్లు?

దేహములో జరుగునది

గాజుపాత్రలోని సూక్ష్మజీవిని వెండి చంపుట నిజమే. ఆ జీవియందలి గంధకము గల మాంసకృత్తులను పట్టుకొని వాని పనిని చెరచును. కాని మన కడుపులోను నెత్తురులోను లవణములును మాంసకృత్తులును సమృద్ధిగా నుండుటచే, వెండి రోగక్రిమిని చేరకముందే వానికి అంటుకొని నిర్వీర్యమగును. త్రాగిన వెండివలన ఏ వ్యాధియైనను నయమైనట్లు సరియైన పరీక్షలలో తేలలేదు.

లోపలికి చేరిన వెండిలో కొంత చర్మమునందు నిలిచిపోవును. ఫోటో పలకపై వెండిలవణములు వెలుతురుచే నల్లబడునట్లే, చర్మములోని వెండియు ఎండచే నల్లబడును. మొగము, చేతులు, గోళ్ళు నీలముతో కూడిన బూడిదవన్నెకు తిరుగును. దీనికి ఆర్గిరియా అని పేరు. ఒకసారి వచ్చిన ఈ వన్నె త్రాగుట మానినను పోదు. దినమంతయు ఎండలో పనిచేయు రైతునకు ఈ ప్రమాదము ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. అమెరికాలో మోంటానా రాష్ట్రమున 2002లో సెనేటు ఎన్నికలకు నిలిచిన స్టాన్ జోన్స్ అనునాతడు, 2000వ సంవత్సరపు కంప్యూటరు చిక్కులవలన మందులు దొరకవని భయపడి, ఇంట చేసిన వెండినీరు త్రాగి నీలవర్ణుడైన సంగతి పత్రికలన్నిటిలోను వచ్చినది.

ఇదిగాక థైరాయిడు మందును, కొన్ని యాంటీబయాటిక్ మందులను దేహము గ్రహింపకుండ వెండి అడ్డుపడును. అమెరికా ఆహార ఔషధశాఖ 1999లోనే ఈ ద్రవమును క్షేమకరమైన, పనిచేయు మందుగా అంగీకరింపరాదని నిర్ణయించెను. 2020లో కోవిడును ఇది నయముచేయునని చెప్పిన విక్రేతలకు హెచ్చరికలు పంపెను. మన దేశమునందును మధుమేహము, కాన్సరు వంటి వ్యాధులు నయమగునని ప్రకటించుట 1954వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధము.

అన్నింటికంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. టైఫాయిడు గాని మలేరియా గాని క్షయ గాని సోకినవాడు వెండినీటిని నమ్మి పది దినములు ఊరకుండెనేని, ఆ పది దినములను ఏ వైద్యుడును తిరిగి తీసికొనిరాజాలడు.

వెండికి తగిన చోటు

ఇంత చెప్పుటచే వెండి నిష్ప్రయోజనమని మా భావము కాదు. కాలినగాయములపై వైద్యుని సలహాతో పూయు సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనము పేరొందినది. గ్వాటెమాలా దేశమున 1981లో ఫెర్నాండో మజారియెగోస్ అను రసాయనజ్ఞుడు కుండ వడపోతను రూపొందించెను. బంకమట్టిలో రంపపుపొట్టు కలిపి కుండను చేసి ఆవములో కాల్చినచో, పొట్టు కాలిపోయి సూక్ష్మరంధ్రములు మిగులును. ఆ కుండకు కొలాయిడల్ సిల్వరును పూయుదురు. మట్టి మురికిని ఆపును. వెండి క్రిములను అణచును. అనేక దేశముల పల్లెలలో నేడు ఇట్టి కుండలు వాడుకలో నున్నవి. కొలాయిడల్ సిల్వరునకు తగిన స్థానము కుండగోడ గాని కడుపు కాదు.

మనము చేయవలసినది

వెండినీటికి పెట్టు సొమ్ములో స్వల్పభాగముతోనే రోగములను రాకుండ చేసికొనవచ్చును. త్రాగునీటిని తెర్లకాచి చల్లార్చి వాడుడు. బావినీటికి బ్లీచింగు పొడి వేయుడు: వేయి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పొడి చాలును. రెండు మీటర్ల వెడల్పు గల గుండ్రని బావిలో మూడు మీటర్ల లోతు నీరున్నచో అది సుమారు 9,400 లీటర్లు. దానికి 24 గ్రాముల పొడి సరిపోవును. పొడిని బొక్కెనలో కొద్ది నీటితో కలిపి, సున్నము అడుగునకు దిగిన పిమ్మట పైతేటను మాత్రము బావిలో కలిపి, గంటసేపు తాళి నీరు తోడుకొనవలెను. నీరు మురికిగా నున్నచో ఎక్కువ పొడి కావలెను.

విరేచనములు పట్టుకొన్నచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెమ్చాల పంచదారను, అరచెమ్చా ఉప్పును తలకొట్టి వేసి కలిపి మాటిమాటికి త్రాగింపుడు. వెంటనే వైద్యునికి చూపుడు. జ్వరము రెండుమూడు దినములలో తగ్గకున్నచో రక్తపరీక్ష చేయించుకొనుడు. పసిబిడ్డలకును గర్భిణులకును జ్వరము వచ్చినచో అంతవరకైనను ఆగరాదు.

ఒకరికి భారమైన పనిని పదిమంది చేరి తేలికగా చేసికొనుటయే సహకారోద్యమపు సారము. బ్లీచింగు పొడిని టోకుగా తెప్పించుటయు, గ్రామములోని బావులనీటిని సంవత్సరమున కొకమారు పరీక్షకు పంపుటయు సంఘము సులభముగా చేయదగిన పనులు. వీనిని రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాము. వెండినీటిని మాత్రము సంఘము తెప్పింపరాదనియు, ఇదివరకే త్రాగుచున్న సభ్యులు దానిని మాని వైద్యునితో ఆ సంగతి చెప్పవలెననియు మా మనవి. ఇంటనున్న వెండిని ఉగ్గుగిన్నెగా ఉంచుకొనుడు. కరవు వచ్చిన నాడు అక్కరకు వచ్చును.