విలన్ లేడు... కన్నీళ్లున్నాయి!

తెర మీద ఒక్క రౌడీ కనిపించడు. తుపాకీ పేలదు, సుమోలు గాల్లోకి లేవవు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. పోయిన సైకిలు దొరుకుతుందా, చెల్లెలికి బూట్లు వస్తాయా, చావు దగ్గరపడ్డ ముసలాయన తలపెట్టిన పార్కు పూర్తవుతుందా... అని! మంచి డ్రామా సినిమాల తీరే అంత. అక్కడ పోరాటం మంచికీ చెడుకీ మధ్య కాదు. ఇద్దరు మంచివాళ్ల మధ్య, ఒక్కోసారి ఒకే మనిషిలోని రెండు మనసుల మధ్య. అలాంటి ఆరు సినిమాలివి. దేశాలు వేరు, భాషలు వేరు, కాలాలు వేరు. ఇవి గొప్పవని పండితులు ఎప్పుడో తేల్చేశారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తే ఎక్కడ గుండె కరుగుతుందో, ఎక్కడ కాస్త విసుగొస్తుందో చెప్పుకోవడమే ఈ ముచ్చట.

దొంగ ఎవరు?

బైసికిల్ థీవ్స్ (ఇటలీ, 1948). రెండో ప్రపంచయుద్ధం ముగిశాక రోమ్ నగరంలో ఎటు చూసినా నిరుద్యోగమే. అంటోనియోకి గోడలకు పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది. సైకిలుంటేనే ఉద్యోగం. భార్య ఇంట్లోని దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. మొదటిరోజే దాన్ని ఎవరో ఎత్తుకుపోతారు. తండ్రీ, చిన్న కొడుకు బ్రూనో ఊరంతా వెతకడమే మిగతా కథ.

దర్శకుడు విట్టోరియో డిసికా, తండ్రి పాత్రకు నటుణ్ని కాకుండా ఓ ఫ్యాక్టరీ కార్మికుణ్ని తీసుకున్నాడు. ఆ నడకలో, ఆ చూపులో నటన వాసన లేకపోవడానికి కారణమదే. చివరికి గత్యంతరం లేక తానే ఓ సైకిలు దొంగిలించబోయి, కొడుకు కళ్లముందే పట్టుబడతాడు. అప్పుడు బ్రూనో ముఖం చూడాలి... తండ్రి మీద కోపం కాదు, జాలి. మధ్యలో వెతుకులాట కాస్త సాగినట్టు అనిపించినా ఆ చివరి నిమిషాల ముందు అదేమీ గుర్తుండదు. 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకే సత్యజిత్ రాయ్ తానూ ఇలాంటిది తీయాలని గట్టిగా అనుకున్నారు. మనకు 'పథేర్ పాంచాలి' దక్కింది.

ఒక జత బూట్లు... ఇద్దరు పిల్లలు

చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ (ఇరాన్, 1997). బాగు చేయించడానికి తీసుకెళ్లిన చెల్లెలి బూట్లను అలీ దారిలో పోగొట్టుకుంటాడు. ఇంట్లో చెబితే నాన్న కొడతాడన్న భయం ఒకటి, కొత్తవి కొనడానికి ఆయన దగ్గర డబ్బుల్లేవన్న ఎరుక ఒకటి. అందుకే అన్నాచెల్లెళ్లు అలీ బూట్లనే పంచుకుంటారు. పొద్దున బడికి ఆమె, అది వదలగానే పరుగున వచ్చి ఇస్తే మధ్యాహ్నం బడికి అతను!

పేదరికాన్ని దర్శకుడు మాజిద్ మజీదీ ఏడుపుగొట్టుగా చూపించలేదు. మసీదు కోసం ఇంట్లో చక్కెర గడ్డలు కొడుతున్న తండ్రికి కూతురు టీ తెచ్చి ఇస్తుంది, చక్కెర లేకుండా. ఎదురుగా అంత చక్కెర ఉన్నా అది దేవుడి సొత్తు, మనది తెమ్మంటాడాయన. ఆ ఒక్క సన్నివేశంలో ఆ ఇంటి నీతి మొత్తం తెలిసిపోతుంది. పరుగు పందెంలో మూడో బహుమతి బూట్ల జత. అలీకి కావలసింది మూడో స్థానమే. కానీ మొదట వస్తాడు! అందరూ భుజానికెత్తుకుంటుంటే ఆ పిల్లాడు మాత్రం ఏడుస్తుంటాడు. గెలుపు కూడా ఓటమి కాగలదని ఇంత చిన్న కథలో చెప్పిన సినిమా మరొకటి దొరకడం కష్టం. పందెంలో స్లోమోషన్ కాస్త తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది.

ఫైళ్ల మధ్య ఒక మనిషి

ఇకిరు (జపాన్, 1952). 'బతకడం' అని ఆ మాటకర్థం. వతనబే మున్సిపల్ ఆఫీసులో సెక్షన్ పెద్ద. ముప్ఫై ఏళ్లుగా కాగితాల మీద ముద్రలు కొట్టడమే ఆయన జీవితం. కడుపులో క్యాన్సరని తెలిశాక, ఇన్నేళ్లూ తాను బతకనే లేదని అర్థమవుతుంది. కొడుకుతో చెప్పుకుందామంటే, కొడుకూ కోడలూ ఆయన డబ్బు లెక్కలు వేసుకోవడం చెవిన పడుతుంది. చివరికి మురుగుగుంట పూడ్చి పిల్లలకు పార్కు కట్టమని కొందరు తల్లులు పెట్టుకున్న అర్జీని పట్టుకుంటాడు.

అకిర కురొసావా ఇక్కడో సాహసం చేశాడు. కథ మధ్యలోనే కథానాయకుడు చనిపోతాడు. మిగతాదంతా ఆయన సంతాప సభలో తోటి ఉద్యోగుల మాటల్లోంచే తెలుస్తుంది. మొదట ఘనతంతా పైవాళ్లదే అంటారు. మందు తలకెక్కేకొద్దీ నిజం ఒప్పుకుంటారు. ఇకనుంచి మేమూ ఆయనలా పనిచేస్తామని ఒట్లు పెట్టుకుంటారు. మర్నాడు ఆఫీసు తెరవగానే... మళ్లీ పాత కథే! ఈ సభ ఘట్టం నిడివి ఎక్కువే. ఓపిక కావాలి. కానీ ఒక్క అర్జీ కోసం ఏ ఆఫీసు చుట్టూ అయినా తిరిగినవాళ్లకు ఆ ఓపిక తేలిగ్గానే వస్తుంది. మంచులో ఉయ్యాల ఊగుతూ పాడుకునే వతనబేగా తకాషి షిమురాను మర్చిపోవడం అసాధ్యం.

ఎవరి వైపు?

ఎ సెపరేషన్ (ఇరాన్, 2011). కూతురి భవిష్యత్తు కోసం దేశం వదిలి వెళ్దామంటుంది సిమిన్. మతిమరుపు జబ్బుతో కొడుకునే పోల్చుకోలేని తండ్రిని వదిలి రానంటాడు నాదిర్. ఆయన గుర్తుపట్టకపోతేనేం, నాన్నని తనకు తెలుసు కదా అన్నది అతని వాదన. ఇద్దరిలో ఎవరిది తప్పు?

ముసలాయన్ను చూసుకోవడానికి వచ్చిన రజియా గర్భిణి. గడవక, భర్తకు చెప్పకుండా పనిలో చేరిన మనిషి. ఒకరోజు ఆయన చేతిని మంచానికి కట్టేసి బయటికి వెళుతుంది. కోపంలో నాదిర్ ఆమెను బయటికి నెడతాడు. గర్భం పోతుంది. కోర్టు, అబద్ధాలు, ఒట్లు... చూస్తున్నవారు ఒక్కో సన్నివేశానికీ ఒక్కో పక్షం మారుతుంటారు. ఆఖరికి ఆ పదకొండేళ్ల కూతురికే తీర్పు చెప్పాల్సిన పరిస్థితి. అస్గర్ ఫర్హాదీ సమాధానం చెప్పకుండానే సినిమా ముగించాడు. కొందరికి అది వెలితి. నిజానికి అదే సరైన ముగింపు. 2012లో ఆస్కార్ అందుకుంది.

వచ్చారా... ఎప్పుడు వెళతారు?

టోక్యో స్టోరీ (జపాన్, 1953). ఈ ఆరింటిలో అన్నిటికంటే నెమ్మది, అన్నిటికంటే లోతు. ఒనోమిచి అనే చిన్న ఊరి నుంచి వృద్ధ దంపతులు టోక్యోలోని పిల్లల్ని చూడటానికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురిది బ్యూటీ సెలూన్. ఇద్దరికీ తీరిక లేదు. ఇంట్లో ఇబ్బందని అమ్మానాన్నల్ని వేడినీటి బుగ్గల ఊరికి పంపేస్తారు. అక్కడ రాత్రంతా గోల, నిద్ర పట్టదు. వాళ్లను ఆప్యాయంగా చూసేది ఒక్క నోరికో... యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య.

యసుజిరో ఓజు పిల్లల్ని దుర్మార్గులుగా చూపలేదు. వాళ్లవి బతుకుతెరువు తిప్పలు. పట్నంలో పిల్లల ఫ్లాట్‌కు వెళ్లి బాల్కనీలో రోజంతా గడిపిన ప్రతి తల్లీతండ్రికీ ఈ కథ తెలుసు. తల్లి అంత్యక్రియలు కాగానే కూతురు ఆమె బట్టల్లో తనకేవి కావాలో అడుగుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు మండుతుంది. మరుక్షణం 'మనమూ ఇంతేనా' అన్న అనుమానం వస్తుంది. కెమెరా చాప మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులోనే ఉంటుంది, దాదాపు కదలదు. మొదటి అరగంట బరువుగా అనిపిస్తే తప్పు మీది కాదు. ఆపకండి. తండ్రి తన భార్య గడియారాన్ని కోడలి చేతిలో పెట్టే చోటికి వచ్చేసరికి ఆ నెమ్మది ఎందుకో తెలుస్తుంది.

ఇద్దరే ఇద్దరు

మిథునం (తెలుగు, 2012). శ్రీరమణ కథకు తనికెళ్ల భరణి తెర రూపం. ఇదే కథతో 2000లో ఎం.టి.వాసుదేవన్ నాయర్ మలయాళంలో 'ఒరు చెరు పుంచిరి' తీశారు. తెలుగులో తెర మీద రెండే పాత్రలు. అప్పదాసుగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. పిల్లలు దూరాన ఉన్నారు. ఇక్కడ పెరడు, వంటిల్లు, ఒకరినొకరు సాధించుకోవడం... అంతే.

తిండి ముచ్చట్లు ఒకటి రెండు తగ్గినా నష్టం లేదు. అక్కడక్కడా నాటకం చూస్తున్నట్టు కూడా ఉంటుంది. అయినా లక్ష్మి కళ్లతోనే నడిపించే ఘట్టాలున్నాయి. తాను ముందు పోతే ఈయన్ను చూసేదెవరని, ఆయనే ముందు వెళ్లాలని కోరుకుంటుంది బుచ్చిలక్ష్మి. సుమంగళిగా పోవాలని నోములు నోచే మన ఇళ్లలో ఇది మామూలు కోరిక కాదు. 2020లో బాలు వెళ్లిపోయాక ఆ చివరి సన్నివేశాలు చూడటం మరీ కష్టం.

ఏది ముందు?

పిల్లలతో కలిసి మొదలుపెట్టాలంటే 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవారికి 'ఇకిరు'. 'ఎ సెపరేషన్' భార్యాభర్తలు కలిసి చూడొచ్చు... వాదన పెరిగితే కాఫీ పెట్టుకోండి! 'టోక్యో స్టోరీ', 'మిథునం' మాత్రం అమ్మానాన్నలు ఇంట్లో ఉన్నప్పుడే చూడండి. వాళ్లు మధ్యలో కునుకు తీసినా సరే, పక్కన ఉంటే చాలు.