ఊపిరికి కావలివారు



కార్తీకపు వానలు పట్టినవనగానే మన నెల్లూరు తీరమందలి పల్లెలలో దగ్గు వినబడని యిల్లు అరుదు. నేను నలువది యేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను; వైద్యుడను గాను. అయినను ఈ దగ్గును గూర్చి నేను కష్టపడి నేర్చిన పాఠమొకటి కలదు. దానిని మీకు విన్నవింతును.

వానలో తడియుటచే జలుబు పుట్టునని మనలో వాడుక. దానికి మూలము వాన గాదు. కంటికి గానరాని వైరసు అను రోగబీజము. వానవేళ తలుపులు మూసికొని అందరమును ఒక్క గదిలో గుమిగూడుదుము. అపుడు అది ఒకరి శ్వాసనుండి మరియొకరికి సులభముగా ప్రాకును.

ఆ బీజము వచ్చు త్రోవయందు దేహము కావలి నిలిపియున్నది. ముక్కులోని వెండ్రుకలు దుమ్మును ఆపును. జిగటయైన శ్లేష్మము బీజములను పట్టియుంచును. శ్వాసనాళముల లోపల మిక్కిలి సన్నని నూగు కలదు. గాలికి వరిచేను ఊగినట్లు అది సదా కదలుచు శ్లేష్మమును గొంతువైపునకు నెట్టును. దగ్గు దానిని వెలికి త్రోయును. చుట్టపొగయు, పొయ్యిపొగయు ఈ నూగును చెఱచును.

ఈ కావలిని దాటినవానిని నెత్తురులోని తెల్లకణములు ఎదుర్కొనును. కొన్ని బీజములను మ్రింగును. కొన్ని ఆయా బీజమునకు దగిన ప్రతిరక్షకములను తయారుచేయును. ఎదిరించిన శత్రువును అవి గుర్తుంచుకొనును. అట్లయిన జలుబు మరల మరల ఏల వచ్చునందురా? జలుబు కలిగించు వైరసులు నూటికి మించియున్నవి. ఇన్‌ఫ్లూయెంజా వైరసు ఏటేట వేషము మార్చును. కనుకనే దాని టీకాను ఏటేట వేయించుకొనవలయును. జ్వరమును ఈ పోరాటములోని భాగమే, యుద్ధభేరి వంటిది.

2020 మార్చి 12వ తేదీన ఆంధ్రప్రదేశమున తొలి కరోనా రోగి మన నెల్లూరుననే బయల్పడెను. ఇటలీనుండి వచ్చిన ఆ యువకుడు ఆ నెలలోనే కోలుకొని యిల్లు చేరెను. అప్పటికి టీకా లేదు. వైద్యుల సంరక్షణయు, తన దేహబలమును అతనిని కాచినవి. కాని వయసు మీరినకొలది ఈ సేన మందగించును. అందుచేతనే ఆ రోగము వృద్ధులకు మిక్కిలి ప్రాణాంతకమయ్యెను.

ఈ మందగింపు ఎట్టిదో నేను ఆలస్యముగా తెలిసికొంటిని. కొన్నేండ్ల క్రిందట ఇట్టి వానలలోనే మా అన్నగారికి దగ్గు పట్టెను. నుదుట చేయి వైచి చూచితిని, చల్లగా నుండెను. జ్వరము లేదుగదా యని మిరియాల కషాయమిచ్చి ఊరకుంటిని. మూడవనాడు ఆయన అన్నము వలదనిరి. నన్ను మా తండ్రిగారి పేర పిలిచిరి. నిద్రమత్తనుకొంటిని. నెల్లూరు చేర్చునప్పటికి రెండు ఊపిరితిత్తులయందును న్యుమోనియా వ్యాపించియుండెను. ఆయన మరల ఇల్లు చేరలేదు. వృద్ధులకు న్యుమోనియా వచ్చినను జ్వరము రాకపోవచ్చుననియు, మతి తడబడుటయే తొలిగుర్తు కావచ్చుననియు వైద్యులు నాకపుడు చెప్పిరి. భేరి మ్రోగలేదని యుద్ధము లేదనుకొంటిని. అదియే నా తప్పు.

కావున నుదురుతోపాటు ఊపిరిని గూడ చూడుడు. గడియారము దగ్గర నుంచుకొని, విశ్రాంతిగా నున్న రోగి రొమ్ము నిమిషమునకు ఎన్నిమార్లు లేచుచున్నదో లెక్కింపుడు. పెద్దలకు 12 మొదలు 20 వరకు సహజము. అంతకు మించుచున్న వైద్యునికి చూపుడు. 30కి చేరిన గొప్ప అపాయము. ఏడాది దాటి అయిదేండ్లలోపు బిడ్డకు 40 చేరినను ఆలస్యము చేయరాదు. మాట తడబడినను, పెదవులు నీలివారినను లెక్కతో పనిలేదు. వెంటనే ఆసుపత్రికి పోవలయును. రెండు వారములు మించిన దగ్గునకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా కళ్లె పరీక్ష చేయుదురు. అది క్షయయేమో తేలును. వైరసు జలుబునకు యాంటీబయోటిక్ మాత్రలు పనిచేయవు. వైద్యుడు చెప్పక వానిని మ్రింగకుడు.

మిరియాల కషాయము గొంతునకు హాయినిచ్చును. దానిని మానుడని నేననను. కాని అది పొయ్యిమీద కాగుచుండగనే రోగి ప్రక్కన కూర్చుండి ఊపిరి లెక్కపెట్టుడు.