బందరు అద్దకం... ఇంటికి పచ్చని అందం!

కిటికీకి పూలతీగ, గోడకు కల్పవృక్షం, దిండు గలీబు మీద గోల్కొండ కమాను... అన్నీ కరక్కాయ, బెల్లం, పటికల సాయంతో అద్దినవే. పర్యావరణానికి మేలుచేసే గృహాలంకరణ కోసం వెతికేవాళ్లకు కృష్ణాజిల్లా పెడన తరతరాలుగా చెబుతున్న జవాబు ఇదే. దాన్ని నిలబెట్టడం మాత్రం కొనేవాళ్ల చేతుల్లోనే ఉంది!

కొత్త ఇంటికి టైల్స్‌ కావాలంటే పది షాపులు తిరుగుతాం. తలుపులకు ఏ చెక్క మంచిదో నలుగురినీ అడుగుతాం. కర్టెన్లూ దుప్పట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'గోడ రంగుకు మ్యాచయితే చాలు' అనేస్తాం. అది ఏ నూలు? ఆ రంగు దేంతో చేశారు? ఆ రంగునీళ్లు ఏ కాలవలో కలిశాయి?... ఈ ప్రశ్నలు వేసుకునేవాళ్లు తప్పక చూడాల్సింది మచిలీపట్నం కలంకారీ.

పేరులో కలం ఉన్నా ఇక్కడ పనంతా అచ్చులదే. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో బొమ్మ గీస్తే, బందరు పక్కనున్న పెడనలో టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

చెట్టూ... కమానూ!
కాళహస్తి కలం గుడికోసం పుట్టింది. బందరు అద్దకం ఓడెక్కి ఎదిగింది. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. ఇక్కడి గుడ్డలు పర్షియాకు వెళ్లేవి. అక్కడివారి అభిరుచికి తగ్గట్టే సరుగుడును తలపించే సైప్రస్‌ చెట్లు, అల్లుకున్న తీగలు, మసీదు గోడల్లో కనిపించే కమానులు ఈ గుడ్డల మీదికి వచ్చాయి. చుట్టూ అంచు గుమ్మంలా, లోపల తోట విరబూసినట్లు... గోడకు వేలాడదీస్తే గదికి మరో కిటికీ తెరిచినట్టే!

మంచం మీద పరిచే 'పలంగ్‌పోష్‌'లు యూరప్‌ చేరేసరికి 'పాలంపోర్‌'లయ్యాయి. రాళ్లగుట్ట మీంచి మెలికలు తిరుగుతూ లేచే చెట్టు, కొమ్మకో రకం పువ్వు, మధ్యలో పక్షులు... అదే వాటిలోని ప్రసిద్ధ కల్పవృక్షం. ఆనాడు వీటిలో చాలావాటిని చేత్తోనే గీసేవారు. కోరమండల్‌ తీరంలో తయారైన అలాంటి వస్త్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్‌ ఆల్బర్ట్‌ మ్యూజియంలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

చట్టం చేసి మరీ ఆపారు
మన దేశపు రంగుల నూలు వస్త్రాలను చూసి యూరప్‌ నేతగాళ్లు బెంబేలెత్తిపోయారు. తమ ఉన్ని, పట్టు కొనేవాళ్లు తగ్గిపోతున్నారని గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్‌ 1686లో అద్దకం గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లాండ్‌ 1721లో చేసిన చట్టమైతే ఒంటిమీద బట్టలతోనే సరిపెట్టలేదు... ఇంట్లో పరుపులూ కుర్చీలకు కూడా అలాంటి గుడ్డ వాడకూడదంది! ఫ్రాన్స్‌లో 1759 దాకా, ఇంగ్లాండ్‌లో 1774 దాకా ఆ నిషేధాలు సాగాయి.

వంటింటి సరుకులే రంగులు
నేతగుడ్డను ముందు పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ రసంలో ముంచితే లేత పసుపు వన్నె వస్తుంది. తుప్పుపట్టిన ఇనుమును, బెల్లాన్ని నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రవంలో అచ్చు ముంచి ఆ గుడ్డమీద అద్దితే... కరక్కాయతో కలిసి నల్లగా మారుతుంది. బొమ్మల అంచు గీతలు అవే.

ఎరుపు కథ ఇంకా చిత్రం. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ పటిక కలిపిన జిగురు అద్దుతారు. పటికకు రంగు లేదు. ఆరాక పారే నీళ్లలో జాడించి, ఎర్రరంగు కలిపిన నీళ్లలో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. పూర్వం ఈ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం ప్రాంతపు వేరుకు ప్రత్యేకమైన పేరుండేది. పసుపు రంగుకు కరక్కాయ పూత, దానిమ్మ పెచ్చులు, నీలానికి నీలిమందు... ఒక్కో రంగుకూ ఒక్కో అచ్చు, అన్నిటికీ ఎండా నీళ్లూ కావాల్సిందే. అందుకే వానల్లో పని నెమ్మదిస్తుంది.

'సహజం' అంటే సరిపోదు
'నేచురల్‌' అని రాసినంత మాత్రాన అంతా చెట్టు నుంచి వచ్చిందనుకోలేం. చిరివేరు స్థానాన్ని చాలాచోట్ల అలిజరిన్‌ ఆక్రమించింది. ఆ రంగును 1868లోనే జర్మన్‌ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. ఉతుకుళ్లకు నీళ్లూ బాగా ఖర్చవుతాయి. వాడిన నీళ్లను శుద్ధిచేసి వదిలినప్పుడే 'పర్యావరణ హితం' అన్న మాటకు అర్థం.

అంతకన్నా పెద్ద చిక్కు నకళ్లది. అవే నెమళ్లూ, అవే తీగలూ రసాయన రంగులతో స్క్రీన్‌ మీద గబగబా ముద్రించి 'కలంకారీ' పేరుతోనే అమ్ముతున్నారు. అచ్చుతో అద్దింది ఆ ధరకు ఎలా వస్తుంది? కూలి గిట్టకపోతే అద్దకం పని పిల్లలకు ఎవరు నేర్పుతారు? అచ్చులు చెక్కేవాళ్లకు పని ఎక్కణ్నుంచి వస్తుంది?

కొనేముందు... కొన్నాక...
* గుడ్డను తిరగేయండి. అచ్చు అద్దకంలో రంగు వెనక్కీ దిగుతుంది. స్క్రీన్‌ ముద్రణలో చాలావరకు వెనకవైపు వెలవెలబోతుంది.
* అచ్చూ అచ్చూ కలిసేచోట చిన్న తేడాలుంటాయి. అవి లోపాలు కాదు, చేతిపనికి ఆనవాళ్లు.
* మిలమిలలాడే గులాబీ, చిలకపచ్చ లాంటివి కనిపిస్తే అనుమానించండి.
* 'అచ్చుదా, స్క్రీనుదా? ఏ రంగులు వాడారు?' అని అడగండి.
* గదిలో ఒక్క పెద్ద కలంకారీ చాలు. మిగతావి సాదా చేనేతవైతే దాని అందం తెలుస్తుంది.
* కర్టెన్లకు లోపలివైపు తెల్లని నూలుగుడ్డ లైనింగ్‌ వేస్తే ఎండకు రంగు త్వరగా వెలవదు.
* చన్నీళ్లలో విడిగా, తేలికపాటి సబ్బుతో ఉతికి నీడన ఆరేయండి.
* పాతబడ్డ దుప్పటిని పారేయొద్దు. దిండు గలీబులుగా, టేబుల్‌ మ్యాట్లుగా మరికొన్నేళ్లు వాడుకోవచ్చు.

పార్లమెంటు చట్టాలకే లొంగని అద్దకం ఇది. చవక నకళ్లకు లొంగిపోతుందో లేదో తేలేది మాత్రం షాపులో మనం గుడ్డను తిరగేసి చూసే ఆ ఒక్క నిమిషంలోనే!